పెర్సిమన్: గట్టిగా ఉన్నప్పుడు కొరికారో, అయిపోయారు

మొదటి ముక్క కొరికిన అర నిమిషానికే ఈ పండుకి ఒక స్టార్ ఇచ్చేశాను, అదీ సున్నా ఇచ్చే వీలు లేదు కాబట్టి. నెలన్నర గడిచాక అదే చేత్తో నాలుగు ఇస్తున్నాను. ఆ మిగిలిన ఒక్కటి ఎందుకు కోశానో కింద వస్తుంది, అది పండు మీద కోపం మాత్రం కాదు.

చూడగానే టమాటా అనుకున్నాను. నిజంగానే. నారింజ రంగు, నున్నగా మెరిసే తోలు, పైన ఎండిపోయిన నాలుగు రేకుల తొడిమ, ఎవరో కాగితం పువ్వు కత్తిరించి అతికించినట్టు. చేతిలోకి తీసుకుంటే టమాటా కంటే బరువుగా, గట్టిగా ఉంది, అడుగున కొన తేలి ఉంది. కొత్త పండు కనిపిస్తే వదిలేసి వచ్చే అలవాటు నాకు లేదు (దానివల్ల ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో అది వేరే కథ), అరడజను తెచ్చేశాను. పెట్టె మీద పెర్సిమన్ అని ఒక్క ముక్క తప్ప ఇంకేం రాసి లేదు. ఏ రకం, ఎప్పుడు తినాలి, తోలు తీయాలా వద్దా, ఏదీ లేదు. అడిగితే అమ్మినాయన "యాపిల్ లాగే, కడుక్కుని తినేయడమే" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కడుక్కుని కొరికాను. మొదటి క్షణం తియ్యగానే ఉంది, మోసమంతా అక్కడే. ఆ వెంటనే నాలుక వెళ్ళి అంగిలికి అతుక్కుంది, చిగుళ్ళని ఎవరో వెనక్కి లాగి కట్టేసినట్టయింది, నోట్లో తడి అనేదే లేకుండా పోయింది. వగరు మనకి తెలియనిదేం కాదు, పచ్చి అరటికాయ కొరికినా తెలుస్తుంది, కానీ ఇది దానికి తాత. నీళ్ళు తాగితే పోలేదు సరికదా, గొంతు దాకా పాకింది. మా అమ్మ నా మొహం చూసి "ఏమైందిరా?" అంటే జవాబు చెప్పబోయి నోరు తిరగక చెయ్యి ఊపాను. ఆవిడ పండు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "మిగతా ఐదూ కూడా నువ్వే తిను" అని వెళ్ళిపోయింది.

ఇంత వగరు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆ రాత్రి కూర్చుని చదివాను. విషయం టానిన్లది, అంటే మొక్కల్లో ఉండే వగరు పదార్థాలది. ఈ పండు కండలో టానిన్ నింపుకున్న కణాలు ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఆ టానిన్ నీళ్ళలో కరిగే రూపంలో ఉంటుంది, కొరకగానే బయటపడి ఉమ్ములో ఉండే ప్రోటీన్లని పట్టుకుని ముద్ద చేసేస్తుంది. నోటికి జారుడు ఇచ్చేది ఆ ప్రోటీన్లే. అవి పోతే నాలుక గరుకు కాగితం అయిపోతుంది. అంటే వగరు అనేది రుచి కంటే ఎక్కువగా ఒక స్పర్శ అన్నమాట, పంచదార కలిపినంత మాత్రాన పోదు. పండు పూర్తిగా మాగితే అవే టానిన్లు ఒకదానికొకటి ముడిపడి పెద్ద గుంపులై కరగడం మానేస్తాయి. పండులోంచి ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి, కానీ నాలుక జోలికి రావు. ఈ "అక్కడే ఉంటాయి" అన్న మాటని నేను ఆ రోజు పట్టించుకోలేదు, తర్వాత రెండు వారాలకి అనుభవించాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పెర్సిమన్ అని ఒకే పేరుతో అమ్మేవాటిలో రెండు రకాల స్వభావం ఉంది. బొద్దుగా, చదునుగా, టమాటాని పైనుంచి నొక్కినట్టు ఉండేది ఫుయు. దాన్ని గట్టిగా ఉన్నప్పుడే కోసుకు తినొచ్చు, యాపిల్ మాట దానికే వర్తిస్తుంది. కొనదేలి పొడుగ్గా ఉండేది హచియా. అది మెత్తబడి జావ అయ్యేదాకా ముట్టుకోకూడదు. నేను కొరికింది హచియా. రెండూ ఒకే చెట్టు జాతి, శాస్త్రీయంగా డయాస్పైరస్ కాకి, పుట్టింది చైనాలో, అక్కడి నుంచి కొరియా, జపాన్‌లకి వెళ్ళింది. పెర్సిమన్ అనే పేరు మాత్రం ఉత్తర అమెరికాలోని ఆదివాసుల భాష నుంచి వచ్చింది, ఎందుకంటే వాళ్ళకి తమ సొంత జాతి పెర్సిమన్ ఒకటి ఉంది, చిన్నది. బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు కూడా ఇదే డయాస్పైరస్ కుటుంబపు పిల్ల అని చదివాక మాత్రం ఈ పండు మీద కాస్త జాలి వేసింది, చుట్టమే కదా, ఇంకో అవకాశం ఇద్దాం అనుకున్నాను.

మిగిలిన ఐదింటినీ కాగితం సంచిలో వేసి, తోడుగా బాగా పండిన అరటిపండు ఒకటి పడేశాను. అరటి, యాపిల్ లాంటివి వదిలే ఎథిలీన్ వాయువు మిగతా పళ్ళని తొందరగా పండిస్తుంది. తొడిమ కిందికి వచ్చేలా బోర్లా పెట్టమన్నారు, అలాగే పెట్టాను. మూడో రోజుకి ఏమీ లేదు. ఐదో రోజుకి ఒకటి బొటనవేలికి కాస్త లొంగింది, మెత్తబడిందనుకుని కోసి చెంచాతో అంచు తీసి నాకి చూశాను, మళ్ళీ అదే నాలుక, అదే అంగిలి. కాస్త మెత్తబడితే చాలదు. తొమ్మిదో రోజున సంచి తెరిస్తే ఒక పండు రూపమే మారిపోయింది. తోలు పల్చబడి లోపలి కండ కనిపిస్తోంది, రంగు నారింజ దాటి ముదురు ఎరుపుకి తిరిగింది, చేత్తో ఎత్తితే నీళ్ళు నింపిన బెలూన్ లాగా అరచేతిలో పరుచుకుంది. నిజం చెప్పాలంటే కుళ్ళిపోయిందనుకున్నాను. మామూలుగా అయితే చెత్తబుట్టలో పడేసేవాణ్ణి.

తొడిమ పీకి, నిలువునా చీల్చి, చెంచా పెట్టాను. జెల్లీ. లోపల అక్కడక్కడా కాస్త గట్టిగా, జారుడుగా నాలుక లాంటి ముక్కలు, చుట్టూ తేనె చిక్కదనంతో గుజ్జు. పులుపు దాదాపు లేదు, అది కొందరికి లోటు అనిపించొచ్చు, నాకైతే ఖర్జూరం, నేరేడు రంగు తేనె, ఉడికిన గుమ్మడి మూడూ కలిసి గుర్తొచ్చాయి. వగరు జాడ లేదు. అమ్మకి ఒక చెంచా ఇచ్చాను, అనుమానంగా నాలుక చివర పెట్టుకుని చూసింది, తర్వాత చెంచా నా చేతిలోంచి తీసుకుంది. ఆ సగం పండు నాకు దక్కలేదు.

ఫుయు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మంచి పండు, తలనొప్పి లేని పండు. తోలు తీసి (తీయకపోయినా ఫర్వాలేదు, కాస్త నమలాలి) అడ్డంగా కోస్తే మధ్యలో నక్షత్రం ఆకారం కనిపిస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది చాలు. కరకరలాడుతుంది, తీపి మితం. పొద్దున ఓట్స్ మీదకి, పెరుగులోకి, దోసకాయ, ఉల్లిపాయ, నిమ్మరసంతో సలాడ్‌లోకి చక్కగా సరిపోతుంది. నిమ్మరసం మర్చిపోకండి, పులుపు లేని పండు కాబట్టి అది లేకపోతే సలాడ్ చప్పగా కూర్చుంటుంది. కొన్నిటిలో కండ మీద గసగసాల్లాంటి గోధుమ రంగు చుక్కలు ఉంటాయి. పాడైందని పారేయకండి, కరగడం మానేసిన టానినే అలా చుక్కలు కట్టింది. తోలు మీద నల్లటి చారలు కూడా అంతే, చాలావరకు పైపైనే, లోపల కండ శుభ్రంగా ఉంటుంది.

ఇక నా అసలు కథ జామ్‌ది. రెండోసారి కొన్నప్పుడు ఇంకో రకం దొరికింది. చూడటానికి హచియా లాగే కాస్త పొడుగు, కానీ గట్టిగా ఉన్నప్పుడే తినొచ్చని ఈసారి పెట్టె మీద రాసి ఉంది. ఒకటి కోసి చూశాను, నిజమే, కరకరలాడుతూ తియ్యగా ఉంది. ఇవి పుట్టుకతో వగరు రకాలే, కాకపోతే చెట్టు నుంచి కోసిన తర్వాత ఒక రోజు దాకా కార్బన్ డయాక్సైడ్ నింపిన గదిలో పెడతారు. ఊపిరాడక పండు లోపల అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారవుతుంది, అది టానిన్లని ముడేస్తుంది, పండు మెత్తబడకుండానే వగరు పోతుంది. స్పెయిన్‌లో పండే రోహో బ్రియాంతే రకాన్ని ఇలాగే చేసి ఊరూరికీ పంపుతారు, ఇజ్రాయెల్ నుంచి షారన్ ఫ్రూట్ పేరుతో వచ్చేదీ ఈ తరహాదే. ఎంత తెలివైన పని అని మెచ్చుకుంటూ ఎనిమిది పళ్ళు తురిమాను, పంచదార వేసి, సన్నని సెగ మీద పెట్టి, దగ్గరే నిలబడి కలుపుతూ ఉన్నాను. ఇల్లంతా మంచి వాసన. రంగు చూస్తే ముచ్చటేసింది. ఇరవై నిమిషాలకి చిక్కబడింది, చెంచా కొనతో తీసి ఊది ఊది నోట్లో పెట్టుకున్నాను.

నాలుక వెళ్ళి అంగిలికి అతుక్కుంది.

గిన్నె మీద అనుమానపడ్డాను, పంచదార మీద అనుమానపడ్డాను, పళ్ళలో ఒకటి పచ్చిది కలిసిందేమో అనుకున్నాను. నిమ్మరసం పిండాను, ఇంకాస్త పంచదార పోశాను, తియ్యటి వగరు అయింది, అది ఇంకా ఘోరం. అసలు సంగతేమిటంటే, ముడిపడ్డ టానిన్లు వేడి తగిలితే మళ్ళీ విడిపోయి కరిగే రూపంలోకి వస్తాయి. పోయిందనుకున్న వగరు తిరిగొస్తుంది. జపాన్‌లో దీనికి షిబు మొదోరి అని ఒక పేరే ఉందంటే ఎంతమంది నాలుకలు బలయ్యాయో అర్థం చేసుకోండి. పెట్టె మీద "గట్టిగా ఉన్నప్పుడే తినొచ్చు" అని రాసినవాళ్ళు "వండొద్దు" అని ఇంకొక్క మాట రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? నేను కోసిన స్టార్ దీనికి. మొదటిసారి యాపిల్ లాగే తినమన్నాయనకి సగం, ఈ పెట్టెకి సగం.

ఎనిమిది పళ్ళ జామ్ పారబోయడానికి మనసొప్పలేదు. టీలో పాలు పోస్తే వగరు తగ్గుతుంది కదా, పాలలోని ప్రోటీన్లే టానిన్లని పట్టుకుంటాయి కాబట్టి, అదే లెక్కతో గట్టి పెరుగులో రెండు చెంచాలు కలిపి చూశాను. పూర్తిగా పోలేదు గానీ తినగలిగేలా అయింది. వారం రోజులు అలాగే లాగించాం. అమ్మ అయితే "మందు తెచ్చావా" అనే అడిగేది ప్రతిసారీ.

ఆ దెబ్బతో వంటకి నాకు ఒకటే నియమం మిగిలింది. పొయ్యి మీదకి వెళ్ళేది అయితే ఫుయు, లేదా పూర్తిగా జావ అయిన హచియా, అది కూడా ముందు ఒక చెంచా తిని చూసి. ఎక్కడైనా కాస్త వగరు తగిలిందంటే అది వండితే పెరుగుతుంది తప్ప తగ్గదు. ఫుయుని పల్చగా కోసి, పెనం మీద చుక్క నూనె వేసి, ఉల్లిపాయతో పాటు పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పి ఉప్పు, మిరియాలు చల్లితే అన్నంలోకి కాదు గానీ రొట్టె పక్కన బాగుంది. సూప్‌లో గుమ్మడి బదులు వేసి చూశాను, మరీ తీపి, మళ్ళీ చేయను.

కేక్ మాత్రం తప్పకుండా చేసి చూడండి. మాగిన గుజ్జుని అరటిపండు కేక్‌లో అరటి బదులు అదే కొలతకి వేయడమే, వేరే లెక్కలేం లేవు. గుజ్జులో వంటసోడా కలిపి పక్కన పెడితే కాసేపటికి అది గడ్డకట్టి జెల్లీలా అవుతుంది, మొదటిసారి చూసి గిన్నె బోర్లించి చూసుకున్నాను, కదల్లేదు. భయపడకుండా పిండిలో కలిపేయండి. దాల్చినచెక్క, కాస్త అల్లం పొడి వేస్తే పండు తీపికి వెన్నుదన్నుగా ఉంటాయి. బేక్ అయ్యాక ముదురు గోధుమ రంగు వస్తుంది, మాడిందనుకోకండి.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది పాలతో చేసిన పుడ్డింగ్. పుడ్డింగ్ అనడానికి కూడా మొహమాటంగా ఉంది, ఎందుకంటే వంట ఏమీ లేదు. బాగా మాగిన పండు గుజ్జు రెండు వంతులు, కాచి పూర్తిగా చల్లార్చిన పాలు ఒక వంతు, మిక్సీలో అర నిమిషం, చిన్న గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టడం. అంతే. జెలటిన్ లేదు, అగర్ లేదు, మొక్కజొన్న పిండి లేదు, పంచదార కూడా లేదు. గంటన్నర తర్వాత చెంచా గుచ్చితే అంచు నిలబడింది. పండులో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం, పాలలో ఉండే కాల్షియం రెండూ కలిసి వల అల్లుకుంటాయట, గట్టిపడేది అందుకే. కొబ్బరిపాలతో చేద్దామని తెలివి చూపించాను, తెల్లారేదాకా ఉంచినా పలచగా షర్బత్ లాగే ఉంది, చాలినంత కాల్షియం లేకపోతే వల ఎక్కడిది మరి. తాగేశాం, బాగానే ఉంది. ఒక జాగ్రత్త, మిక్సీ వేసిన వెంటనే గిన్నెల్లో పోసేయండి, ఫోన్ వచ్చిందని నేను పది నిమిషాలు వదిలేస్తే జార్‌లోనే తోడుకుంది, గరిటెతో గీకి తీయాల్సి వచ్చింది, గీతలు గీతలుగా వచ్చింది.

ఓపిక లేనివాళ్ళకి ఒక దొంగదారి ఉంది. గట్టి హచియాని ఒక రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు బయట పెట్టి కరగనివ్వండి. కణాలు పగిలి మెత్తబడుతుంది, వగరు కూడా చాలావరకు పోతుంది. తొమ్మిది రోజులు సహజంగా మాగిన పండు రుచి దీనికి రాదు, నీళ్ళతనం ఉంటుంది, కానీ పనైపోతుంది. నాకైతే అసలు దొంగదారి కంటే ఇంకోటి నచ్చింది, బాగా మాగిన పండునే గడ్డకట్టించి, పది నిమిషాలు బయట పెట్టి, పైన మూతలా కోసి చెంచాతో తింటే ఐస్‌క్రీమ్ మాదిరి ఉంటుంది. ఎండబెట్టే పద్ధతి కూడా ఉంది, జపాన్‌లో హోషిగాకి అంటారు, తోలు తీసి దారానికి వేలాడదీసి, కొన్ని రోజులయ్యాక అప్పుడప్పుడు చేత్తో మెల్లగా నొక్కుతూ వారాల తరబడి ఆరబెడితే పండులోని చక్కెర పైకి వచ్చి తెల్లగా పూత కడుతుంది. నేను నాలుగు వేలాడదీశాను. గాలిలో తేమ ఎక్కువైందేమో, ఆరో రోజుకి తెల్ల పూత వచ్చింది గానీ అది చక్కెర కాదు, బూజు. ఆ అధ్యాయం అక్కడితో మూసేశాను.

ఫుయుని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. చల్లదనం దానికి పడదు, కరకరలాడేది కాస్తా కొన్ని రోజులకే మెత్తబడిపోతుంది. బయటే ఉంచి వారంలో తినేయడం మంచిది. జావ అయిపోయిన హచియా మాత్రం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఆగుతుంది.

ఆరోగ్యం సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, 100 గ్రాములకి దాదాపు 70 కేలరీలు, అందులో పన్నెండు పదమూడు గ్రాములు చక్కెర, మూడున్నర గ్రాముల పీచు. షుగర్ ఉన్నవాళ్ళు పండు మొత్తం లాగించకుండా చూసుకోవాలి. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది. వగరు పోని పెర్సిమన్ ఎక్కువగా, అందులోనూ పరగడుపున తింటే ఆ టానిన్లు పొట్టలో ఆమ్లంతో కలిసి పీచుని పట్టుకుని గట్టి ఉండలు కట్టే ప్రమాదం ఉంది. వైద్యులు దీన్ని బెజోర్ అంటారు, పేగుకి అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు, జీర్ణం మందంగా ఉండేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్ళొద్దు. మిగతావాళ్ళు బాగా మాగినది ఒకటి తింటే ఏమీ కాదు, కానీ "వగరు ఆరోగ్యానికి మంచిది" అని పళ్ళు బిగించి పచ్చిది నమిలే వీరులు ఉంటారు చూడండి, వాళ్ళ కోసం ఈ పేరా.

పోయిన వారం మళ్ళీ అరడజను హచియా తెచ్చాను, అరటిపండుతో కలిపి సంచిలో పెట్టాను. నేను పొద్దున లేచేసరికే అమ్మ సంచి తెరిచి ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూసి మూతి మడిచి పెట్టేస్తోంది. "నొక్కితే కమిలిపోతాయమ్మా" అంటే, "నువ్వు కొరికి చూశావుగా, నేను నొక్కి చూస్తున్నాను" అంటోంది. నిన్న రాత్రికి రెండు మెత్తబడ్డాయి. ఇవాళ పొద్దున సంచిలో నాలుగే ఉన్నాయి.